మెత్తబడ్డ అరికాళ్లు

పీరీల కొట్టం ముందర మొహర్రం పండుగకు తవ్విన నిప్పుల గుండం పక్కన సుగుణమ్మ కట్టెల మోపు దించి, కొంగుతో మెడ తుడుచుకుంది. ముదురు తుమ్మకట్టె. వాగు అవతలి గట్టున కొట్టించి, వానకు తడవకుండా పశువుల కొట్టంలో అటక మీద దాచి, రోజుకో మోపు చొప్పున మోసుకొస్తోంది. గుండం తొక్కుతానని మొక్కిన ఇల్లు తన కట్టె తానే మోయాలన్నది ఊళ్లో కట్టు. కందికట్టె, పత్తికట్టె తెచ్చి పారేసేవాళ్లూ లేకపోలేదు. అవి భగ్గున మండి తెల్లారేసరికి బూడిదైపోతాయి. సుగుణమ్మ అట్లాంటి పని చేయదలుచుకోలేదు. తన కొడుకు తొక్కే నిప్పు నిప్పులాగే ఉండాలనుకుంది.

డప్పు కాచుకోవడానికి గడ్డిమంట వేసుకుని కూర్చున్న బీరప్ప ఆమెను చూసి నవ్వాడు.

"ఏం సుగుణక్కా, గిన్ని కట్టెలు నీ కొడుకు ఒక్కనికేనా? ఊరందర్ని కాలుస్తవా ఏంది?"

"నా కొడుకు తొక్కితె ఊరందరికి పున్నెం. నీకు గూడ ఇంత వస్తది తియ్."

"దునియా కప్పంటరు గద. ఎంతుంటదక్కా అది? మన కల్లు ముంతంతుంటదా?"

"నీ కండ్లకు ముంత తప్ప ఇంకోటి కానరాదురా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుగుణమ్మ కూడా నవ్వింది. చంకలో రెండేళ్ల ఆడపిల్ల ఆ నవ్వులకు ఉలిక్కిపడి తల్లి మెడ కరుచుకుంది.

ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. పేపర్లో వచ్చింది. ఆసియా దేశాలన్నిటి నుంచి పదహారేళ్ల లోపు పిల్లల ఫుట్‌బాల్ జట్లు పోటీ పడతాయట. అందులో పైకి తేలిన జట్లే ఆ ఈడు పిల్లల ప్రపంచ కప్పుకు పోతాయట. మన దేశం జట్టులో ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్న పేర్లలో హుస్సేనప్ప, మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంది. బడిపంతులు దాన్ని చదివి వినిపించిన రోజున సుగుణమ్మ పేపరు మడిచి రవికెలో పెట్టుకుంది. నాలుగో తరగతిలో బడి మానేసినా ఆ ఒక్క పేరు తానే కూడబలుక్కుని చదువుకుంది, మళ్లీ మళ్లీ.

ముందు పుట్టిన ఇద్దరూ నిలవకపోతే, పీరు పేరు పెట్టుకుని నిలబెట్టుకున్న కొడుకు హుస్సేనప్ప. డ్యాం కాలనీలో ఇంజనీర్ల పిల్లలు ఆడుకుంటుంటే గోడ మీద కూర్చుని చూసి, బంతి బయట పడితే తన్ని లోపలికి పంపి, అట్లా తన్నుతూ తన్నుతూ ఆటగాడైనవాడు. రఘుపతి సార్ అనే కోచ్ చూసి హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో వేసి మూడేళ్లయింది. జట్టును ఏరే ఆటకు వాడు వెళ్లిన రోజున, గురువారమది, సుగుణమ్మ ఇక్కడికే వచ్చింది. ఊదు పొగలో కళ్లు మూసుకుని, పీరీలను చూసుకునే ముజావరు చోటే మియా వింటుండగా మొక్కింది.

"నా కొడుకు పేరు రావాలె. వస్తె, ముందుగాల వచ్చే పీరీలకే వాడు నీ గుండం తొక్కుతడు. కాళ్లతోని ఆడేటోడు, కాళ్లతోనే తీర్చుకుంటడు."

అది న్యాయమైన మాటే అనిపించింది ఆమెకు. ఏది అడిగామో దాన్నే ముందర పెట్టడం.

*

హుస్సేనప్ప పగటి బస్సుకు దిగాడు. భుజాన సంచి. పైపెదవి మీద నూగు మీసం. పోయిన సంక్రాంతికి తల్లి భుజం దాకా ఉన్నవాడు ఇప్పుడు దర్వాజలో తల వంచబోయాడు. చెల్లెలు కొత్త మనిషనుకుని ఏడుపందుకుంది.

"నిలవడురా, నిలవడు," అంటూ సుగుణమ్మ చెంబు తెచ్చింది. "కాళ్లు కడుక్కోకుంట లోపటికి రాకు. దారి దిష్టి."

వాడు గడప పక్కన బండ మీద కూర్చుని, గుడ్డబూట్లు విప్పి, మేజోళ్లు లాగాడు. సుగుణమ్మ వంగి నీళ్లు పోస్తూ, ఎప్పటిలాగే అరచేత్తో పాదం రుద్దింది. రుద్దిన చేయి ఆగిపోయింది.

ఈ పాదం ఆమెకు తెలియదు. తనకు తెలిసిన పాదం గట్టిది. తుమ్మముల్లు దిగబోతే ముల్లే విరిగేది. ఎండాకాలం బండల మీద ఉత్తకాళ్లతో పరుగెత్తేవాడు, పరుగెత్తి వచ్చి "అమ్మా, కాలుతలేదు చూడు" అని పాదం ఎత్తి చూపేవాడు. ఇప్పుడీ అరికాలు తెల్లగా, మెత్తగా ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తోంది. చంకనెత్తుకునే చిన్నపిల్ల కాలు నొక్కినట్లే ఉంది.

రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లగా కమిలి ఉన్నాయి.

"గిదేందిరా?"

"ఆడే బూట్లు ఇరుకు."

"ఇరుకుంటె ఎందుకేస్కున్నవ్?"

"నాయి గావు," అని కాలు వెనక్కు తీసుకున్నాడు.

అన్నం ముందు కూర్చున్నాక నాయనమ్మ నర్సింగమ్మ సంగతి ఎత్తింది. ఆమె ఏ సంగతినీ ఆపుకోలేదు.

"పెద్ద సర్గత్తు నాడు, పండుగ ఆఖరు దినం, పొద్దుగాల గుండం తొక్కాలె మనుమడా. నీ తల్లి మొక్కింది. పీరే నీ పేరు పేపర్ల ఏయించిండు. మాట తప్పితె ఊకుండడు. కోడిని దొంగిలించి, పీరు కర్ర పట్టి నేను తియ్యలే అని అబద్ధం ఆడిన లింగడు ఏమాయె? వారం తిరగకముందే మూతి వంకర వోలేదా? ఇప్పటికి గూడ చాయ్ తాగితె సగం అంగి మీదనే వడుతది."

తండ్రి గాలయ్య గంజి తాగుతూ, "అన్నం తిననియ్యే వాణ్ని," అన్నాడు.

హుస్సేనప్ప ముద్ద కలిపి చేతిలో పట్టుకున్నాడు. సుగుణమ్మ వాడి ముఖమే చూస్తోంది. వాడు భయపడతాడని, కోప్పడతాడని, అడగకుండా నా కాళ్లు ఎట్లా మొక్కుతవని అంటాడని అనుకుంది. అందుకు జవాబులు కూడా సిద్ధం చేసుకుంది.

"తొక్కుత," అన్నాడు వాడు. నెత్తి మీది బరువు ఎవరో దించినట్టు అన్నాడు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, చాలా ఆకలి మీద ఉన్నవాడిలా మిగతాదంతా తినేశాడు.

సుగుణమ్మకు సంతోషం కలగలేదు. ఎందుకు కలగలేదో ఆమెకే అంతుబట్టలేదు.

*

మర్నాడు చేనికి బయలుదేరితే, సద్దిమూట నేనెత్తుకుంటానని వాడూ వెంట వచ్చాడు. ఊళ్లో అందరిలాగే ఉత్తకాళ్లతో వచ్చాడు. పండుగ రోజుల్లో మొక్కున్నవాడు చెప్పులు వేసుకోకూడదు.

ఊరు దాటిన తర్వాత బండ్ల బాట. గరుసు నేల. సుగుణమ్మ పిల్లను ఎత్తుకుని ముందు నడుస్తోంది. కాసేపటికి వెనుక అడుగుల చప్పుడు వినిపించలేదు. తిరిగి చూసింది. వాడు బాట వదిలి పక్కన గడ్డి మీద, ఒక్కొక్క అడుగు ఏరుకుంటూ వస్తున్నాడు. గడ్డి లేని చోట మునివేళ్ల మీద నడుస్తున్నాడు. ఆమె చూస్తోందని గమనించి, పాదాలు పూర్తిగా ఆనించి నడిచాడు. నాలుగడుగులకే కూలబడ్డాడు.

ముల్లు. సుగుణమ్మ పిల్లను కింద దించి, పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, వాడి కాలు తన తొడ మీద పెట్టుకుంది. చిన్న రేగుముల్లే. కాని అది లోతుగా దిగిపోయి, తల కూడా కనిపించడం లేదు. కెలికేకొద్దీ రక్తం వచ్చింది.

"ఇంత మెత్తగ ఎట్లయినయిరా?"

"పొద్దుమాపు బూట్లేనమ్మా. సార్ ఉత్తకాళ్లతోని నేల మీద కాలు పెట్టనియ్యడు. దెబ్బ తగుల్తది అంటడు."

"మరి గీ కాళ్లతోని నిప్పుల నడుస్తవా?"

"నడుస్త."

"రేగుముల్లుకే కూలబడితివి!"

"కాలితె కాలనియ్యి."

పిన్నీసు ఆగింది. వాడు ఆమె వైపు చూడలేదు. దూరంగా డ్యాం గోడ వైపు, క్రేన్ల వైపు చూస్తూ అన్నాడు.

"కాలితె ఆజం పోతడు."

ఆజం ఎవరో సుగుణమ్మకు తెలుసు. భువనగిరి పిల్లగాడు, హాస్టల్లో కొడుకు పక్క మంచం వాడు. సెలవుల్లో ఒకసారి వచ్చి ఇంట్లో రెండు రోజులుండి, జొన్నరొట్టె కారం నూరి పెడితే కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటూనే ఇంకోటి అడిగినవాడు. పోయేటప్పుడు "పోయొస్తనమ్మా" అని, తన తల్లికి చెప్పినట్టే చెప్పాడు.

"ఆజం యాడికి పోతడు?"

"నా జాగల. నాకు దెబ్బ తగిలితె నా జాగల పోవాల్సినోడు వాడే. సార్ రాసిపెట్టిండు." వాడు గరుసు గుప్పిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జార్చాడు. "ఆ బూట్లు వానియి. వాళ్ల మామ దుబాయి నుంచి తెచ్చిండు. నాయి తెగిపోతె, ఇద్దరం గవే ఏస్కుంటున్నం. ఆట సగం వాడు, సగం నేను. రెండోవాడు గుడ్డబూట్లతోని ఆడాలె. ఎప్పుడు గంతే."

"అయితె?"

"సెలక్షన్ నాడు మొదటి సగం వాడేసుకుండు. నేల ఎండి ఉండె. ఎండిన నేల మీద గుడ్డబూట్లయినా ఒకటే, నేను గూడ మంచిగనే ఆడిన. నడుమ ఇడిచిపెట్టినప్పుడు వాన వడ్డదమ్మా. గట్టి వాన. రెండో సగం బూట్లు నాకిచ్చిండు. వాన పడుతుంది, నువ్వే ఉంచుకోరా అన్న నేను. లే, మాటంటె మాటే అన్నడు. నాకు బురదల కాలు నిలవడ్డది. వాడు రెండు మాట్ల జారిపడ్డడు. బంతి కాళ్ల కాడికి వచ్చి పోయింది. సెలక్షన్ చేసేటోళ్లు చూసిండ్రు, రాసుకుండ్రు, పోయిండ్రు."

పిల్ల గరుసు రాళ్లు నోట్లో పెట్టుకోబోతే సుగుణమ్మ చేయి పట్టి ఆపింది. చూపు మాత్రం కొడుకు మీది నుంచి తిప్పలేదు.

"వాడు నాకంటె మంచిగ ఆడుతడమ్మా. అందరికి ఎరుకే. నా పేరు చదివినప్పుడు వాడే ముందుగాల చప్పట్లు కొట్టిండు. బూట్లు నా సంచిల పెట్టిండు. నాకు ఇరుకు అని ఎరుకుండి గూడ పెట్టిండు." వాడు నల్లబడ్డ గోటిని వేలితో నొక్కుకున్నాడు. "భువనగిరికి పోయి ఇచ్చొద్దామనుకున్న. వాళ్లమ్మ మొకం చూడలేక గిటొచ్చిన. నువ్వు మొక్కినవని అవ్వ చెప్పంగనే మంచిగైందనుకున్న. పీరు చూసుకుంటడు. ఆ జాగ నాది గాకపోతె కాళ్లు కాలుతయి. నాదే అయితె కాలవు."

సుగుణమ్మ ముల్లు తీసింది. తీసి, గోటి మీద పెట్టి చూసింది. ఆ రోజు వాన తానే కోరుకుంది. ఊరంతా కోరుకుంది. మొలకలు మాడిపోతున్నాయని.

తిరిగి వచ్చేటప్పుడు, ఎదురుగా వస్తున్నవాళ్ల పాదాలు చూస్తూ నడిచింది. మేకలు తోలుకొస్తున్న ముసలాయన పాదాలు, మోపులు మోస్తున్న ఆడవాళ్ల పాదాలు, తన పాదాలు. నెర్రెలు విచ్చి, మడమలు బెరడు కట్టి, బురద ఎండి. ఏటా గుండం తొక్కి నవ్వుతూ బయటికి వచ్చే పాదాలివే. పీరు మహిమ కాదని ఆమె అనుకోలేదు. అనుకోవడానికి భయం. కాని నిప్పు వీళ్లందరినీ వదిలిపెట్టి తన కొడుకును పట్టుకుంటుందని మాత్రం ఇప్పుడు ఆమెకు తెలుసు. కాలిన తర్వాత వాడు ఏమనుకుంటాడో కూడా తెలుసు. ఆ జాగ నాది కాదని పీరే చెప్పాడని బతుకంతా అనుకుంటాడు. చెప్పింది అరికాలని వాడికి ఎవరు చెప్తారు?

*

చోటే మియా పీరీలను తోముతున్నాడు. చింతపండు నానబెట్టిన గిన్నె ఒక పక్క, జల్లించిన బూడిద ఒక పక్క. ఇత్తడి హస్తం వేళ్ల సందుల్లోకి గుడ్డ దూర్చి, ఒక్కొక్క వేలినీ పసిబిడ్డకు స్నానం చేయించినట్టు తోముతున్నాడు. ఇంట్లోంచి ఆయన భార్య లాడ్లీ బేగం పీరీల ప్రసాదం మలీదకు బెల్లం దంచుతున్న చప్పుడు.

"రా బేటీ. కొడుకొచ్చిండంట గద?"

సుగుణమ్మ గడప బయటే చతికిలబడింది. పిల్లకు పాలిచ్చే నెపంతో కాసేపు కొంగు సర్దుకుంటూ కూర్చుంది.

"మామా, మొక్కు మార్చుకోవచ్చునా?"

ఆయన గుడ్డ ఆగలేదు. "ఏం మార్చుకుంటవ్?"

"వచ్చే ఏడు తొక్కుతడు. పోటీకి పోయొచ్చినంక."

"ముందుగాల వచ్చే పీరీలకే అన్నవ్."

"గుండం బదులు పీరుకు గుడ్డ, దట్టి కడుత. పట్టు దట్టి. మలీద ఊరందరికి పంచుత."

"అరె బేటీ, నేను కోమటి దుకాణం పెట్టుకున్ననా? ఇది గాకపోతె అది ఇస్త అననీకి." ఆయన మాటలో కోపం లేదు. "పొగల కూసొని పెదవి కదిపినవ్. ఆడికి ముట్టింది. నడుమల నేనెవరిని?"

"వాని కాళ్లు మెత్తగైనయి మామా."

చోటే మియా తల ఎత్తి ఆమెను చూశాడు. తన మోకాళ్ల కింది నుంచి పాదాలు ముందుకు చాపి, వాటినీ చూసుకున్నాడు. నలభై ఏళ్లుగా గుండంలో ముందుగా దిగే పాదాలు.

"వాణ్నే వద్దనమను," అన్నాడు చివరికి.

"వినడు. తొక్కుతనే అంటుండు."

"మొక్కున్నోణ్ని ఆపే హక్కు నాకు లేదు. మొక్కులేనోణ్నయితె నేనే కాలు పెట్టనియ్య. తాతల కాడి నుంచి అంతె. ఉత్త పంతానికి దిగినోడు కాల్చుకుంటడు, ఊరికి చెడ్డపేరు." మళ్లీ ఇత్తడి చేతిని ఒళ్లో పెట్టుకుని తోమసాగాడు. "నువ్వు మొక్కింది నేను విన్న. నువ్వే ఊరంత చెప్పుకున్నవ్."

సుగుణమ్మ లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కు తిరిగి, ఆయన ఒళ్లోని హస్తాన్ని చూసింది. చింతపులుసుకు తళతళ మెరుస్తోంది. దాన్ని తొడిగే కర్ర గోడకు ఆనించి ఉంది, నూనె పట్టించి.

*

పెద్ద సర్గత్తు నాటి పొద్దున ఆకాశం మబ్బు పట్టి, గాలి ఆడడం లేదు. బీరప్ప డప్పు ఊరి గుండెలో కొడుతున్నట్టుంది. గుండంలో తుమ్మ మొద్దులు కాలి, ఎర్రగా, పైన సన్నని బూడిద తెర కప్పుకుని పరుచుకున్నాయి. చోటే మియా పొడవాటి కర్రతో వాటిని సమం చేస్తున్నాడు. కర్ర తగిలిన చోటల్లా బూడిద కింద ఎరుపు కన్ను తెరిచినట్టు తెరుచుకుంటోంది. సుగుణమ్మ తన కట్టెను గుర్తుపట్టింది. అందరి కట్టె కంటే అదే బాగా నిలిచింది.

మొక్కున్నవాళ్లు తలల మీద బిందెలు దిమ్మరించుకుని, తడిబట్టలతో వరుసలో నిలబడ్డారు. హుస్సేనప్ప మూడోవాడు. తండ్రి ధోవతి కట్టుకున్నాడు. వాడి పెదవులు బిగుసుకుని ఉన్నాయి. కళ్లు గుండం మీదే. పక్కన గాలయ్య నిలబడి, కొడుకు భుజం మీద చేయి వేయాలో వద్దో తెలియక, చేతిని వెనక్కు కట్టుకున్నాడు.

చోటే మియా పెద్ద పీరు ఎత్తుకుని ముందు తొక్కాడు. జనం కేక పెట్టారు. వెనుక ఇద్దరు తొక్కారు. ఆయన చుట్టు తిరిగి వచ్చి, హుస్సేనప్ప ముందు నిలబడి, చేతిలోని పీరును వాడికి అందించబోయాడు.

"వాని చేతికియ్యకు మామా."

తన గొంతు తనకే చిన్నగా వినిపించింది. డప్పు చప్పుడులో అది ఎవరికీ చేరలేదు. సుగుణమ్మ పిల్లను అత్త చేతుల్లో పెట్టి, గుంపును తోసుకుని ముందుకు వచ్చి, ఈసారి గట్టిగా అంది.

"వానికి మొక్కు లేదు. నేను మొక్కలే."

డప్పు ఆగింది. బీరప్ప కర్రను గాల్లోనే ఉంచి చూస్తున్నాడు.

"ఏమంటున్నవే?" నర్సింగమ్మ ముందుకొచ్చింది. "దినాం కట్టెలు మోసినవ్. బాయి కాడ, బజార్ల, ఊరూర చెప్పుకుంటివి!"

"గొప్పకు చెప్పుకున్న. నేను మొక్కింది మలీద. దట్టి. గంతే."

"అమ్మా," అన్నాడు హుస్సేనప్ప. "అమ్మా, ఏం మాట్లాడుతున్నవ్?"

"పీరు ముందర నిలవడి గిదేం మాట!" ఎవరో అన్నారు. ఇంకెవరో, "పీరు కర్ర పట్టి చెప్పమను," అన్నారు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయి, కాసేపట్లో అందరి మాటైంది. కర్ర పట్టి చెప్పాలె. కర్ర పట్టి చెప్పాలె.

సుగుణమ్మ పిల్లకు జ్వరమొస్తే తాయెత్తు కట్టించే మనిషి. పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగి వచ్చి నీళ్లు తాగి మళ్లీ బయలుదేరే మనిషి. కొడుకు బస్సెక్కిన ప్రతిసారీ, వాడు చేరాడన్న కబురొచ్చేదాకా అన్నం సహించని మనిషి. ఆమె చేయి చాపింది. చోటే మియా రెండు చేతుల్లో నిటారుగా ఉన్న కర్రను పట్టుకుంది. నూనెతో, ఊదు మసితో జిడ్డుగా, గుండం వేడికి వెచ్చగా ఉందది. పైన ఇత్తడి చేయి ఐదు వేళ్లూ విప్పి ఉంది. పైకి చూడలేదామె.

"వాని కాళ్లు నేను మొక్కలే. నేను అబద్ధమాడితె, ఏదైనా నాకే కావాలె. వానికి గాదు. నా పిల్లలకు గాదు. నాకే."

అందరూ చోటే మియా వైపు చూశారు. నర్సింగమ్మ అడిగేసింది కూడా.

"చోటే, నువ్వున్నవు గద ఆ దినం. ఏం మొక్కింది ఇది?"

చోటే మియా సుగుణమ్మ చేతిని చూశాడు. వేళ్ల కణుపులు తెల్లబడేలా బిగించి పట్టుకున్న చేయి.

"కర్ర పట్టినంక నన్నడుగుడేంది?" అన్నాడు. "ఇంక అడిగేటోడు నేను గాదు."

కర్రను ఆమె చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుని, హుస్సేనప్పను దాటి, వెనుకనున్న నాలుగోవాడి చేతుల్లో పీరును పెట్టాడు. కాసేపటికి డప్పు మళ్లీ మొదలైంది.

*

ఇంట్లో నర్సింగమ్మ పొయ్యి ముట్టించనివ్వలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు తిరిగి కూర్చుంది. హుస్సేనప్ప తడి ధోవతి విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"అబద్ధమాడినవ్," అన్నాడు.

"ఆడిన."

"ఇప్పుడు నాకెట్ల తెలుస్తది? ఆ జాగ నాదో కాదో?"

సుగుణమ్మ వాడి ముందు నేల మీద కూర్చుని, ముల్లు దిగిన చోట వేలితో తడిమింది. వాచి ఉంది.

"నిప్పును అడుగుడెందుకురా? దానికి ఆట ఎరుకనా? ఆజం ఉండె. మీ సారుండె. పోయి వాళ్లనడుగు. సార్, వాన వడ్డప్పుడు బూట్లు నా కాళ్లకుండె, వానికి లేకుండె అని చెప్పు. ఇద్దర్ని ఇంకొక్కసారి ఆడిపియ్యమను. ఇద్దరికి బూట్లేసి."

"అట్ల ఆడితె వాడే గెలుస్తడమ్మా."

సుగుణమ్మ రవికెలోని పేపరు ముక్క చెమటకు తడిసి ఒంటికి అంటుకుని ఉంది. వాడి పేరున్న ముక్క. ఈ మూడేళ్లు ఏ గురువారం దీపం పెట్టినా ఆ పేరు కోసమే పెట్టింది. ఇంకో తల్లి కూడా పెట్టి ఉంటుందన్నది రెండు రోజుల కిందటి దాకా ఆమెకు తోచనే లేదు.

"గెలిస్తె వాడే పోతడు," అంది.

"నేను ఉత్తగ ఇంటికొస్తె ఊరు నిన్ను బతకనిస్తదా? అబద్ధమాడినందుకే పోయింది అంటరు."

"అననియ్యి. నువ్వు గీ కాళ్లతోని రా. సాలు."

బయట అరుగు మీద గీకుతున్న చప్పుడు వినిపించింది. గాలయ్య సంచిలోంచి ఆజం బూట్లు తీసి, ఈతపుల్లతో అడుగున ఎండిపోయిన బురదను గోకుతున్నాడు. సెలక్షన్ నాటి బురద, నల్లమట్టి. పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. అంతా రాలాక, గుడ్డపీలికకు పల్లినూనె అద్ది తోలు మీద రుద్దాడు. బూట్ల పట్టీలు ఒకదానికొకటి ముడివేసి, కొడుకు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

సుగుణమ్మ లాడ్లీ బేగం ఇంటి వెనుక వాకిలికి పోయి నిలబడింది. అడగకుండానే ఆమె మోదుగాకులో మలీద కట్టి ఇచ్చింది. ఇస్తూ ముఖంలోకి చూడలేదు కాని, చేతిని ఒకసారి గట్టిగా నొక్కింది. సుగుణమ్మ ఆ పొట్లాన్ని బూట్ల సంచిలో కాకుండా వేరే గుడ్డలో కట్టింది.

"ఆజం వాళ్లమ్మకియ్యి. పీరీల మలీద అని చెప్పు. మొకం చూడనీకి సిగ్గయితె నేల చూసుకుంటనే ఇయ్యి. ఇయ్యకుంట మాత్రం రాకు."

పగటి బస్సుకే వాడు బయలుదేరాడు. అవ్వ మొక్కించుకోలేదు, కాని వాడు వంగి ఆమె వెనుక నేలను తాకి లేచాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు తల్లి వైపు తిరిగాడు.

"నీకేమన్నయితెనో?" అన్నాడు. చిన్నప్పటి గొంతు అది.

"ఎక్కు. బస్సు ఆగదు."

దుమ్ము అణిగాక కూడా ఆమె అక్కడే నిలబడింది. రోడ్డు పక్క దుకాణంలో ఇద్దరు ఆమెను చూసి మాట ఆపారు. ఆమె దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టారు.

ఇంటికి పోవాలంటే కొట్టం ముందు నుంచే పోవాలి. జనం వెళ్లిపోయారు. గుండంలో నీళ్లు చల్లేశారు. సాయంత్రం పీరీలను వాగుకు తీసుకుపోయేదాకా అక్కడ పనేమీ లేదు. చోటే మియా ఒక్కడే గుండం అంచున కూర్చుని, నీళ్లు తగలని బూడిదను చేటలోకి ఎత్తుతున్నాడు. పీరు దీవెనగా ప్రతి ఇల్లూ కాస్త తీసుకుపోయే బూడిద. సుగుణమ్మ తల వంచుకుని, ఆ వైపు చూడకుండా నడిచింది.

"ఆగు బేటీ."

ఆగింది.

"చెయ్యి పట్టు."

ఆమె ఎడమచేయి చాపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది గాదు. కర్ర పట్టిన చెయ్యి."

సుగుణమ్మ కుడిచేయి చాపింది. చోటే మియా పిడికెడు బూడిద తీసి, అందులో మిగిలిన చిన్న బొగ్గుముక్కను ఏరి అవతల పారేసి, ఆమె అరచేతిలో పోశాడు. ఏ దువా చదవలేదు. తన పనిలో తాను పడిపోయాడు.

తన తుమ్మకట్టె బూడిద. ఇంకా వెచ్చగా ఉంది. కాలేంత కాదు. దాన్ని నొసట పెట్టుకోవడానికి సుగుణమ్మకు ధైర్యం చాలలేదు. పారేయడానికీ చాలలేదు. గుప్పిట మూసుకుని, గాలికి ఒక్క రేణువు కూడా పోకుండా ఇంకో చేత్తో కప్పుకుని, ఇంటి దారి పట్టింది.